బుడ్డి దీపం నుంచి సెట్‌టాప్ బాక్సు దాకా: మన ఇళ్ళల్లో కరెంటు కథ



ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, వసూళ్ళు రాసుకుంటాం. ఈసారి మా సంఘాన్ని ఒక వ్యాసం రాయమన్నారు. కరెంటు గురించి రాస్తామన్నాం. "కరెంటుకి చరిత్రేంటమ్మా, బిల్లు తప్ప" అని మీటింగులో అందరూ నవ్వారు. కానీ ఆ బిల్లు వల్లే మా సంఘంలో ఒక ఇంటికి పెద్ద ఇబ్బంది వచ్చింది. అక్కడి నుంచే మొదలుపెడతాం.

మా సభ్యురాలు ఒకావిడ పిఠాపురంలో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. అత్తగారు ఆవిడ దగ్గరే ఉంటారు. పెద్దావిడ పింఛను ఒక నెల రాలేదు. కనుక్కుంటే కరెంటు సగటు 300 యూనిట్లు దాటింది, అందుకే పేరు ఆగింది అన్నారు. 2019 చివర్లో నవశకం సర్వే జరిగినప్పటి నుంచి ఈ 300 మాట మనందరికీ తెలిసిందే. బియ్యం కార్డుకైనా, పింఛనుకైనా కరెంటు వాడకం కూడా చూస్తున్నారు. ఆ పెద్దావిడ రోజంతా ఒక ఫ్యాను కింద, రాత్రి ఒక బల్బు కింద ఉంటుంది. "నేనేం కాల్చానే అమ్మా" అని ఆవిడ అడిగితే మాలో ఎవరికీ సమాధానం దొరకలేదు. ఆ సమాధానం వెతుక్కుంటూ పోతే ఈ కథంతా బయటపడింది.

కిరసనాయిలు రోజులు

మా అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పేది ఏంటంటే, సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో ఆడపిల్లల పని లాంతరు చిమ్నీలు తుడవడం. బూడిద పెట్టి, పాత గుడ్డతో మసి పోయేలా తుడిచేవారు. వంటింటి గూట్లో ఒక బుడ్డి, చావిట్లో ఒక లాంతరు, అంతే. కోటా కిరసనాయిలు డబ్బాలో ఎంతుందో ఇంటి ఆడమనిషికి ఎప్పుడూ తెలిసే ఉండేది. డబ్బా ఊపి చూస్తే చాలు. అన్నాలు అయిపోగానే బుడ్డి ఆర్పేసేవారు. లాంతరు వత్తి తగ్గించేవారు. పిల్లలు చదువుకుంటే పెంచేవారు.

ఉప్పాడ, కొత్తపల్లి వైపు మగ్గాల ఇళ్ళల్లో కూడా అంతే. పిఠాపురం సంస్థానం రోజుల నుంచి పేరున్న జాందానీ నేత మనది. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ సన్నటి బుటాలు దీపం వెలుతురులో వేస్తే పోగు తప్పుతుందని, పగలు ఉన్నంతసేపే పని చేసి, దీపం పెట్టే వేళకి మగ్గం గుంటలోంచి లేచేవారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

ఇది ఎందుకు రాస్తున్నామంటే, దీపం ఆర్పడం అనేది అప్పుడు ఎవరూ నేర్పక్కర్లేని అలవాటు. డబ్బాలో నూనె తగ్గడం కళ్ళకి కనిపించేది కాబట్టి.

కొండల్లోంచి వచ్చిన కరెంటు

మన వైపు కరెంటు పెరిగింది ముఖ్యంగా మాచ్‌ఖండ్ వచ్చాక. ఒరిస్సా సరిహద్దు కొండల్లో మాచ్‌ఖండ్ నది మీద, డుడుమ జలపాతం దగ్గర కట్టారు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే పని మొదలైంది. 1955లో కరెంటు వచ్చింది. ఆంధ్రా, ఒరిస్సా రెండూ పంచుకున్నాయి. దానికోసం పైన జలాపుట్ దగ్గర ఆనకట్ట కడితే ఎన్నో గిరిజన గ్రామాలు మునిగిపోయాయి. మన ఇళ్ళల్లో బల్బు వెలగడానికి అక్కడ కొందరి ఇళ్ళే పోయాయి. ఇది మా పిల్లల పాఠాల్లో కనిపించలేదు గానీ మనం తెలుసుకోవాలి.

అదే నది కిందకి వచ్చాక సీలేరు అవుతుంది. 1976, 1978 మధ్యలో లోయర్ సీలేరు కేంద్రం పూర్తయింది. దాని శక్తి 460 మెగావాట్లు. ఆ నీళ్ళు కరెంటు తిప్పేసి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి వస్తాయి. మన పిఠాపురం చేలు ఎక్కువగా ఏలేరు నీళ్ళ మీద ఉన్నా, గోదావరి డెల్టాలో దాళ్వా వరికి ఆ సీలేరు నీళ్ళే ఆదుకుంటాయి. కాబట్టి కరెంటు, తిండి రెండూ ఒకే ఏటి నుంచి వచ్చాయన్న మాట.

1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1979లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో బొగ్గు కరెంటు మొదలైంది. దాన్నే ఇప్పుడు నార్ల తాతారావు కేంద్రం అంటున్నాం. తర్వాత గోదావరి గ్యాసుతో విజ్జేశ్వరం, జేగురుపాడు కేంద్రాలు వచ్చాయి. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే అరకిలో పైనే బొగ్గు కాలుతుంది. తీగల్లో వచ్చేటప్పుడు కొంత పోతుంది. అంటే మన ఇంట్లో ఒక యూనిట్ మిగిలితే అక్కడ ఒక యూనిట్ కంటే ఎక్కువే మిగులుతుంది.

మన పేటల్లోకి మాత్రం కరెంటు మెల్లగా వచ్చింది. ముందు బజారు, రైస్ మిల్లులు, తర్వాత డాబా ఇళ్ళు, చివరికి తాటాకిళ్ళు. 1988-89లో కుటీర జ్యోతి పథకం పెట్టి పేదల ఇళ్ళకి ఒక్కో బల్బు ఇచ్చారు. ఒక్క బల్బు ఇంటికి ఆపడానికి కూడా ఒక్క స్విచ్చే. అందరం పడుకునేటప్పుడు అమ్మ లేచి ఆపేది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు మాలో చాలామందిమి చిన్నపిల్లలం. కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. అటక మీద నుంచి లాంతర్లు దించారు. చిమ్నీ ఎలా తుడవాలో అప్పుడు మా అమ్మలు మాకు నేర్పారు. కరెంటు వచ్చాక మళ్ళీ అటక ఎక్కించేశారు.

మీట తిప్పే టీవీ, రిమోట్ టీవీ

ఇప్పుడు అసలు విషయం. పాత బ్లాక్ అండ్ వైట్ టీవీకి ముందర మీట ఉండేది. కటక్ మని తిప్పితే టీవీ ఆగేది. నిజంగానే ఆగేది, లోపలికి కరెంటు పోయేది కాదు. తర్వాత రిమోట్ టీవీలు వచ్చాయి. ఈటీవీ, జెమినీ 1995లో మొదలైన రోజుల్లో రంగుల టీవీ, కేబుల్ తీగ మన వీధుల్లోకి వచ్చాయి. రిమోట్ నొక్కితే టీవీ బొమ్మ ఆగుతుంది గానీ టీవీ పూర్తిగా ఆగదు. మనం మళ్ళీ ఎప్పుడు రిమోట్ నొక్కుతామా అని కనిపెట్టుకుని ఉండాలి కదా. ఆ కాపలాకి కరెంటు కావాలి. మూల ఎర్రగా వెలిగే చిన్న దీపం దాని గుర్తు. దీన్ని ఇంగ్లీషులో స్టాండ్‌బై అంటారు.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. అమెరికాలో శాస్త్రవేత్తలు 1990ల్లో ఇళ్ళల్లో కొలిచి చూసి, ఆపేశాం అనుకున్న సామాన్లు కూడా కరెంటు తింటున్నాయని చెప్పారు. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ, ఏ సామానైనా ఖాళీగా ఉన్నప్పుడు ఒక వాట్ కంటే ఎక్కువ తినకూడదు అని ప్రపంచానికి చెప్పింది. యూరప్ దేశాలు 2010 నుంచి దాన్ని చట్టంగా అమలు చేశాయి. 2013 నుంచి చాలా సామాన్లకి అర వాట్‌కి దించాయి. మన దేశంలో 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది, 2006 నుంచి ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద స్టార్ గుర్తులు మొదలయ్యాయి. అందుకే కొత్త టీవీలు ఖాళీగా ఉన్నప్పుడు తక్కువే తింటాయి. పాత సామాన్లు అలా కాదు.

మన దగ్గర ఇంకో మార్పు జరిగింది. 2016, 2017 నాటికి కేబుల్ అంతా డిజిటల్ అయిపోయింది. అంతకుముందు తీగ నేరుగా టీవీలోకే వెళ్ళేది. ఇప్పుడు మధ్యలో ఒక పెట్టె వచ్చింది, సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో టీవీ ఆపితే ఈ పెట్టె ఆగదు. చాలా పెట్టెలు చూస్తున్నప్పుడు ఎంత తింటాయో, చూడనప్పుడు కూడా ఇంచుమించు అంతే తింటాయి. చెయ్యి పెట్టి చూడండి, పొద్దున్నే కూడా వెచ్చగా ఉంటుంది.

రేటు పెరిగిన కథ

డబ్బా కనిపించడం మానేశాక, మనకి మిగిలింది బిల్లు ఒక్కటే. 1999లో విద్యుత్ బోర్డుని విడగొట్టారు. 2000లో పంపిణీ సంస్థలు ఏర్పడ్డాయి. మన తూర్పు జిల్లాలు విశాఖపట్నం కేంద్రంగా ఉన్న సంస్థ కిందకి వచ్చాయి. అదే ఏడాది రేట్లు బాగా పెంచితే రాష్ట్రమంతా ఆందోళనలు జరిగాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కరెంటు రేటు కోసం మనుషులు చనిపోయిన రాష్ట్రం మనది. 2012లో, మళ్ళీ 2022 ఏప్రిల్‌లో కరెంటు చాలక కోతలు పెట్టారు, ఫ్యాక్టరీలకి పవర్ హాలిడే ఇచ్చారు.

2022లో ఇళ్ళ రేట్లు మళ్ళీ మార్చారు. మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఇది మెట్ల లెక్క. అంటే మనం తగ్గించే యూనిట్ ఎప్పుడూ పై మెట్టు మీద యూనిటే. 230 యూనిట్లు కాల్చే ఇల్లు పది తగ్గిస్తే, అందులో ఐదు 8.75 రేటువి, ఐదు 6 రూపాయల రేటువి.

మధ్యలో ఒక మంచి పని జరిగింది. 2014 అక్టోబరు 2న మన రాష్ట్రంలో ఎల్ఈడీ బల్బుల పథకం మొదలుపెట్టారు. మొదట్లో తీసుకున్న జిల్లాల్లో మన పక్క పశ్చిమ గోదావరి కూడా ఉంది. పాత బల్బు ఇస్తే పది రూపాయలకి ఒక ఎల్ఈడీ ఇచ్చారు. 60 వాట్ల బల్బు చేసే పని 7 వాట్లతో అయిపోయింది. అదే అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖపట్నం వీధి దీపాలన్నీ ఎల్ఈడీలుగా మార్చారు. బల్బుల దగ్గర మనం బాగా మిగిలించాం. అయినా బిల్లు ఎందుకు పెరిగింది? బల్బుల్లో మిగిలింది కొంత పెట్టెల్లోకి పోయింది, కొంత ఫ్రిజ్‌కి, మోటారుకి, మిక్సీకి, ఏసీకి పోయింది.

మేము పడ్డ పొరపాటు

పింఛను ఆగిన తర్వాత మీటింగులో ఆవిడ పన్నెండు నెలల బిల్లులు గుడ్డ సంచిలో తెచ్చి మా ముందు పెట్టింది. సగటు తీస్తే 318 వచ్చింది. మేము వెంటనే తీర్మానం రాశాం: అందరూ ఫోను చార్జర్లు ప్లగ్గులోంచి తీసేయాలి, తియ్యకపోతే ఐదు రూపాయలు జరిమానా. రెండు నెలలు గట్టిగా చేశాం. పిల్లల్ని తిట్టాం, మొగుళ్ళతో గొడవపడ్డాం. బిల్లులో తేడా లేదు. కొంతమంది "ఇదంతా ఉత్తిదే" అని మానేశారు.

అప్పుడు మా సభ్యురాలి కూతురు, పదో తరగతి చదివే పిల్ల, ఒక మాట చెప్పింది. "ఆంటీ, మీటరు దగ్గర ఎర్ర లైటు కొట్టుకుంటుంది కదా, ఒక్కొక్కటి ఆపుతూ అది చూడండి" అంది. మీటరు మీద ఒక యూనిట్‌కి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో రాసే ఉంటుంది. పాత చక్రం మీటర్లలో చిన్న లోడుకి చక్రం కదిలీ కదలనట్టు ఉండేది, మనకి తెలిసేది కాదు. ఈ కొత్త మీటర్లలో తెలుస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో పదిమందిమి నిలబడి చూశాం. అన్నీ ఆపాం అనుకున్నాక కూడా లైటు కొట్టుకుంటూనే ఉంది. చార్జర్లు మూడూ తీశాం, తేడా కనిపించలేదు. సెట్‌టాప్ బాక్సు స్విచ్ ఆపాం, లైటు బాగా నెమ్మదించింది. ఇంటర్నెట్ పెట్టె ఆపాం, ఇంకా నెమ్మదించింది. పాత టీవీ, పాత స్టెబిలైజరు తీశాం. ఫ్రిజ్ కూడా ఒక్క నిమిషం ఆపి చూశాం, లైటు పూర్తిగా ఆగింది.

ఆ తర్వాత లెక్క వేసుకున్నాం. వెయ్యి వాట్ల సామాను గంట వాడితే ఒక యూనిట్. పది వాట్ల పెట్టె 24 గంటలూ ఉంటే రోజుకి 240 వాట్-గంటలు, నెలకి 7.2 యూనిట్లు. టీవీ రోజుకి ఐదు గంటలు చూసే ఇంట్లో మిగతా 19 గంటలు ఆ పెట్టె ఆపితే నెలకి 5.7 యూనిట్లు మిగులుతాయి. ఖాళీగా ఐదు వాట్లు తినే పాత టీవీ అలాగే ఆపితే 2.85. ఎనిమిది వాట్ల ఇంటర్నెట్ పెట్టె రాత్రి ఎనిమిది గంటలు ఆపితే 1.9. మొత్తం పది యూనిట్లు దాటింది. చార్జర్లు మాత్రం మూడు కలిపినా నెలకి ఒక యూనిట్ రావు. మేము రెండు నెలలు కొట్లాడింది ఆ ఒక్క యూనిట్ లోపు దాని కోసం.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నాం. ప్లగ్గులు తీయడంతోనే ఆవిడ కష్టం తీరలేదు. 318లో పన్నెండు తగ్గితే 306, ఇంకా గీత పైనే. అసలు పెద్ద ఖర్చు ఇస్త్రీ పెట్టె. ఒక్కో జాకెట్ అయినప్పుడల్లా వేడి చేసేది, మధ్యలో అలాగే వదిలేసేది. ఇప్పుడు కుట్టినవన్నీ ఒకేసారి ఇస్త్రీ చేస్తోంది. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైపోతే మార్పించింది. నెల వాడకం 280కి వచ్చింది. అయినా సగటు అనేది ఒక నెలలో దిగదు, వెనక నెలలు కూడా కలుస్తాయి. ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ పెద్దావిడ మందులకి సంఘం నుంచే చేబదులు ఇచ్చాం. తర్వాత పేరు ఎక్కింది, ఆవిడ తీర్చేసింది.

మనం చేయగలిగినవి

అమెరికాలాంటి చోట చాలా ప్లగ్గు బోర్డులకి స్విచ్ ఉండదు, అందుకే వాళ్ళు ప్లగ్గు పీకుతారు. మన గోడ బోర్డుకి స్విచ్ ఉంది. అది ఆపితే చాలు, రోజూ ప్లగ్గు పీకక్కర్లేదు. టీవీ, పెట్టె రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టుకుంటే పడుకునేటప్పుడు ఒక్క స్విచ్‌తో పని అయిపోతుంది. పెట్టె మళ్ళీ రావడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పుకోండి.

ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు మాత్రం, పిడుగులు దగ్గరికి రాకముందే స్విచ్ ఆపి ప్లగ్గు కూడా తీసేయండి, కేబుల్ తీగ కూడా ఊడదీయండి. తడి చేత్తో ముట్టుకోవద్దు, తీగ పట్టుకుని లాగొద్దు, ప్లగ్గు పట్టుకునే తీయాలి. ఫ్రిజ్ రోజూ ఆపొద్దు, లోపలివి పాడవుతాయి, మళ్ళీ చల్లబడటానికి ఎక్కువ తింటుంది. ఊరెళ్ళేటప్పుడు ఖాళీ చేసి ఆపండి. ఫ్యాను పాత పెద్ద రెగ్యులేటరు ఉంటే, మార్చుకునేటప్పుడు కొత్త ఎలక్ట్రానిక్ రకం పెట్టించండి. పాతది స్పీడు తగ్గించినా మిగతా కరెంటు వేడిగా పోతుంది.

ఒకే మీటరు మీద రెండు కాపురాలు ఉన్నవాళ్ళు నెలనెలా యూనిట్లు రాసుకోండి. బిల్లు వచ్చాక చూసుకుంటే ఆలస్యం అయిపోతుంది.

మన పొదుపు ఉద్యమం మొదట్లో రోజుకో రూపాయితోనే నడిచింది. నెలకి ముప్ఫై రూపాయలు. పది యూనిట్లు 6 రూపాయల మెట్టు మీద మిగిలితే నెలకి అరవై, ఏడాదికి 720. అంటే ఆ రోజుల్లో ఇద్దరు కట్టిన పొదుపు, ఇప్పుడు ఒక ఇంటి గోడ స్విచ్ దగ్గర ఉంది. పదిమంది ఉన్న సంఘానికి ఏడాదికి 7,200 రూపాయలు. వెయ్యి ఇళ్ళు చేస్తే లక్షా ఇరవై వేల యూనిట్లు.

మా సంఘంలో పాత తీర్మానం కొట్టేసి కొత్తది రాసుకున్నాం. జరిమానా లేదు. ప్రతి నెలా మొదటి మీటింగుకి వచ్చేటప్పుడు పొదుపు పుస్తకంతో పాటు మీటరు అంకె ఒక కాగితం మీద రాసుకుని రావాలి. పోయిన నెల అంకె తీసేసి, ఎన్ని యూనిట్లో పక్కన వేస్తాం. ఎవరివి ఎక్కువ వస్తే వాళ్ళ ఇంటికి వెళ్ళి ఎర్ర లైటు చూస్తాం. నాయనమ్మ డబ్బా ఊపి చూసుకున్నట్టే ఇదీ. మిగతా సంఘాలు కూడా ఈ ఏడాది ఒక్క మూడు నెలలు ఇలా చేసి చూడమని కోరుతున్నాం. మూడు నెలల అంకెలు మీరు పంపితే, వచ్చే ఏడాది పుస్తకంలో అందరివీ కలిపి వేస్తాం.